సౌరభ సార్వభౌమునికి బహుపరాక్

శ్రీమత్సకలగృహాంతరాళ విహారా, స్నానగృహ సమరాంగణ సార్వభౌమా, సబ్బు షాంపూ పౌడరాది సామంత మకుటమణి రంజిత పాదపీఠా, ఫినాయిల్ బకెట్టు మొదలు పూజగది దాకా ఏకచ్ఛత్రంగా ఏలుతున్న కృత్రిమ పరిమళ మహాప్రభో, జయీభవ! దిగ్విజయీభవ! రాజును పొగడాలంటే వెయ్యి నాలుకలు కావాలని పూర్వం కవులు వాపోయేవారు. తమ విషయంలో నాలుకలతో పని లేదు. మాకున్న ఒక్క ముక్కూ తమ సేవకు అంకితమై ఏళ్లు గడిచాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తమరు ఇంటిని గెలిచిన తీరు ఏ చక్రవర్తికీ చేతకాలేదు. కోట గోడ కూలలేదు, నెత్తురు చుక్క రాలలేదు. ఓడినవాళ్లే నెల మొదట్లో సరుకుల చీటీలో కప్పం స్వహస్తాలతో రాసుకుని, సంచీ పట్టుకుని వెళ్లి, వరసలో నిలబడి చెల్లించి వస్తున్నారు.

తమ కొలువుకు వేళాపాళా లేదు. గృహస్థు కళ్లు తెరవగానే పళ్ల పేస్టులో దర్శనం, ఆ వెంటనే సబ్బులో, తలస్నానమైతే షాంపూలోనూ దాని వెనక వచ్చే కండిషనరులోనూ ఆలింగనం. తుడుచుకునే తువ్వాలు తమదే, ఎందుకంటే నిన్న అది ఉతికిన నీళ్లలో తమరే ఉన్నారు. తొడుక్కునే చొక్కాకు కంఫర్టు, చంకకు డియోడరెంటు, ముఖానికి క్రీము, మెడకు పౌడరు. కారెక్కితే డ్యాష్‌బోర్డు మీద చిన్న సీసాలో వేంచేసి ఉంటారు, ఆఫీసుకు వెళితే గోడకు తగిలించిన యంత్రంలోంచి ఉండుండి చుర్రుమని ఆశీర్వదిస్తారు. సాయంత్రం దేవుడి ముందు తమరే, రాత్రి దోమల మందులోనూ తమరే. త్రికాల సంధ్యలు మానినవాళ్లం కూడా తమ సంధ్య ఒక్కపూట మానలేదు. పిలవని పేరంటానికి వెళ్లడం మర్యాద కాదంటారు గానీ తమరు వెళ్లే పేరంటాలన్నీ పిలిచినవే. ఎవరు వస్తున్నారో తెలియక పిలిచామన్నది మాత్రం తమ గొప్పతనానికి చెందిన సంగతి.

ఆ గొప్పతనమే ముందుగా కీర్తించాలి. దక్షిణహస్తం ఇచ్చింది వామహస్తానికి తెలియనివ్వకపోవడం దాతకు అందం. తమరు ఆ వ్రతాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నారో చూడాలంటే కిరాణా కొట్లో ఏదైనా ఒంటి సబ్బు రేపరు తీసి, మడత పెట్టిన అంచు దగ్గర, వెలుతురుకు పట్టి చూడాలి. చీమ తలకాయంత అక్షరాల్లో సోడియం పామేట్, నీరు, గ్లిజరిన్, టైటానియం డయాక్సైడ్, రంగుల నంబర్లు. పామాయిల్ దగ్గర నుంచి ఉప్పు దాకా ప్రతి కూలీ తన పేరు చెప్పుకుని హాజరు వేయించుకుంటాడు. నడుమ ఒక్కచోట, రాజసంగా, ఒకే మాట: పర్ఫ్యూమ్. ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ రసాయనాలు ఉండవచ్చు, వంద దాటినా దాటవచ్చు. అంతఃపురంలో ఎవరెవరున్నారని అడగడం సభ్యత కాదు. 1966లో అమెరికా తన వస్తువుల లేబుళ్ల చట్టం చేసుకున్నప్పుడే పరిమళం వ్యాపార రహస్యమని తలవంచి, తెర వేసి, పక్కకు తప్పుకుంది. పరిమళ వ్యాపారుల అంతర్జాతీయ సంఘం తాము వాడే దినుసుల జాబితా అని ప్రకటించినదానిలో మూడు వేల పైచిలుకు పేర్లు ఉన్నాయి. వాటిలో ఏది ఏ సబ్బులో ఉన్నదో చెప్పకపోవడం వల్ల ఆ జాబితాకు గోప్యత చెడకుండా పారదర్శకత అబ్బింది. ఈ రెండింటినీ ఒకే ఒరలో ఇమిడ్చిన కత్తిసాము చరిత్రలో మరొకటి లేదు.

అమెరికాలో ఆన్ స్టైన్‌మన్ అనే పరిశోధకురాలు తన బృందంతో కలిసి వాసన గల ఇంటి వస్తువులు 25 తీసుకుని, వాటిలోంచి గాలిలోకి ఏమేమి వెలువడుతున్నాయో కొలిచి 2011లో అచ్చు వేసింది. 133 రకాల ఆవిరి రసాయనాలు లెక్కతేలాయి. వాటిలో 24 ఆ దేశపు చట్టాల ప్రకారమే విషపూరితాలు, లేదా ప్రమాదకరాలు. ఆ 133లో డబ్బాల మీద పేరు కనిపించినది ఒక్కటి. ఒక్కటే! 132 మంది వీరులు అనామకులుగా సేవ చేస్తున్నారు. కీర్తికాంక్ష లేని సైన్యం కావాలని ఏ రాజు కోరుకోడు? తమకు దొరికింది.

తమ వంశవృక్షమూ సామాన్యమైనది కాదు. 1888లో జర్మనీలో ఆల్బర్ట్ బావర్ అనే రసాయనజ్ఞుడు పేలుడు పదార్థాలతో కుస్తీ పడుతూ, టీఎన్‌టీ బంధువర్గంలో కొత్త మందుగుండు దొరుకుతుందేమోనని కలుపుతూ ఉంటే, పేలవలసినది పేలక కస్తూరి వాసన వేసింది. అదీ తమ ఇంటి కస్తూరి పుట్టుక. యుద్ధం కోసం ఎత్తిన జన్మను శృంగారానికి ధారపోసిన త్యాగం అది. హిమాలయాల్లో కస్తూరి మృగం తమ చలవ వల్ల ఎంతో కొంత ఊపిరి పీల్చుకుందన్నది నిజం, ఆ పుణ్యం తమ ఖాతాలోనే వేయాలి. ఆ అభయం మృగంతో ఆగలేదు. 1981లో జపానులో, టోక్యో పక్కన పారే తమా నది చేపల ఒంట్లో తమ నైట్రో కస్తూరి కనబడింది. తరువాతి దశాబ్దంలో జర్మనీ తల్లుల చనుబాలలోనూ కనబడింది. సబ్బు నీళ్లతో కాలవలోకి దిగి, కాలవ నుంచి నదికి, నది నుంచి చేపకు, ఇంటి నుంచి తల్లికి, తల్లి నుంచి బిడ్డకు, ఎక్కడా తొణకకుండా, కొవ్వులో హాయిగా కూర్చుని ప్రయాణం చేసే ఆ స్థితప్రజ్ఞత మునులకైనా సాధ్యమా? ఆ తరం కస్తూరికి పేరు చెడగానే తమరు గాలక్సోలైడ్, టోనలైడ్ అనే కొత్త యువరాజులకు పట్టం కట్టి, రాజ్యం ఒక్కరోజు కూడా అరాచకం కాకుండా చూసుకున్నారు. ఆ యువరాజులూ ప్రయోగశాలలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను గ్రాహకాల తలుపు తట్టినట్టు కొన్ని పరీక్షల్లో కనబడింది. వంశాచారం వదులుకోలేదన్నమాట.

ఇక తమ మహామంత్రి డైఇథైల్ థాలేట్ గారు. వర్తకుల నోట డీఈపీ. ఆయనకు సొంత వాసన దాదాపు లేదు. ఇతరుల వాసనను ఎగిరిపోకుండా పట్టి ఉంచడమే ఆయన జీవితాశయం. పొద్దున చల్లుకున్న సెంటు సాయంత్రం దాకా చొక్కాను వదలకపోతే అందులో ఆయన వంటి వారి హస్తం ఉంటుంది. ఆయన చర్మం గుండా వస్తారు, ఊపిరితో వస్తారు, ఒంట్లోకి వచ్చాక మోనోఇథైల్ థాలేట్‌గా రూపు మార్చుకుని కొన్ని గంటల్లోనే మూత్రంలో సెలవు తీసుకుంటారు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వారు దేశ ప్రజల మూత్రం పరీక్షించినప్పుడల్లా ఆయన ఆనవాలు దాదాపు అందరిలోనూ దొరుకుతూ వచ్చింది. గంటల్లో వెళ్లిపోయేవాడు అందరిలోనూ ఎప్పుడూ ఎలా దొరుకుతాడని అల్పులు ఆశ్చర్యపడతారు. వెళ్లినవారు వెళుతుంటే వచ్చేవారు వస్తుంటారు, అంతే. సంతర్పణలో విస్తరి ఖాళీగా ఉండనివ్వని ఇల్లాలి ఔదార్యం అది.

ఇంత పరివారంతో తమరు మా ఒంట్లోకి వేంచేసేది ఊరికే కాదు. అక్కడ ఒక పాత ప్రభుత్వం ఉంది. అండాశయాలు, వృషణాలు, థైరాయిడ్, పిట్యూటరీ అనే మంత్రులు నెత్తుటి దారిలో వార్తాహరులను పంపి ఒంటిని ఏలుతుంటారు. ఈ వార్తాహరుల పరిమాణం చూస్తే జాలి వేస్తుంది. స్త్రీ ఒంట్లో ఈస్ట్రడయాల్‌ను ఒక మిల్లీలీటరు నెత్తుటిలో ఇన్ని పికోగ్రాములని కొలుస్తారు. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. ఆ కాసింతకే గర్భాశయం మేలుకుంటుంది, ఎముక గట్టిపడుతుంది, ఆడపిల్ల పెద్దమనిషి అవుతుంది. ఇంత పేదరాజ్యానికి సాయం అవసరమని తమరు కనిపెట్టారు. తమవాళ్లలో కొందరు అసలు వార్తాహరుడి వేషం వేసుకుని గ్రాహకం దగ్గర వార్త తామే అందిస్తారు. కొందరు వాకిట్లో అడ్డంగా కూర్చుని అసలువాడిని లోపలికి రానివ్వరు. థాలేట్లలో కొందరు ఇంకా ముందుచూపుతో, వృషణంలో టెస్టోస్టెరాన్ తయారయ్యే బట్టీ దగ్గరే మంట తగ్గిస్తారు. 1991లో అమెరికాలో వింగ్‌స్ప్రెడ్ అనే చోట థియో కోల్‌బోర్న్ పిలుపున శాస్త్రజ్ఞులు కూడి ఈ సేవకు ఎండోక్రైన్ డిస్రప్టర్, అంటే హార్మోన్ల ఏలుబడిని చెదరగొట్టేది, అనే బిరుదు ఇచ్చారు. ఎండోక్రైన్ సొసైటీ 2009లోనూ 2015లోనూ సుదీర్ఘ ప్రకటనలతో ఆ బిరుదుకు వన్నె తెచ్చింది. మోతాదే విషమని పదహారో శతాబ్దంలో పారాసెల్సస్ అన్న మాటను నమ్ముకుని, కొంచెమే కదా అని మేము నిద్రపోతుంటే, కొంచెంతోనే నడిచే రాజ్యాన్ని తమరు ఎంచుకున్నారు. ఎత్తుగడ అంటే ఇదీ.

నిష్పాక్షికంగా స్తుతించాలి కాబట్టి ఒక మాట. మహామంత్రి డీఈపీ గారిని గర్భిణి ఎలుకలకు పట్టించి చూసినప్పుడు, ఆయన సోదరులు డీబీపీ, డీఈహెచ్‌పీలు మగ పిల్లల అంగాల మీద చూపిన ప్రతాపం ఆయన చూపలేదు. ఆ సోదరులను యూరప్ 2004లో సౌందర్య సాధనాల నుంచి వెలివేసింది. ఈయనకు మాత్రం అక్కడ ఇప్పటికీ ప్రవేశం ఉంది. ఎలుకల న్యాయస్థానంలో నిర్దోషి అని తేలాక మనుషుల బిడ్డల దగ్గర మళ్లీ సాక్ష్యం వెతకడం దురుసుతనమే. అయినా కొందరు వెతికారు.

వారిలో మొదట షానా స్వాన్ అనే పరిశోధకురాలు. 2005లో ఆమె బృందం 85 మంది మగబిడ్డల్ని, వారి తల్లుల గర్భకాలపు మూత్రాన్ని కలిపి పరిశీలించింది. బిడ్డ ఆసనానికీ జననాంగానికీ మధ్య దూరం కొలిచారు. మగవాళ్లలో ఆ దూరం ఎక్కువ. గర్భంలో మగ హార్మోను సరిగ్గా అందిందనడానికి అదొక గుర్తు. తల్లి మూత్రంలో కొన్ని థాలేట్ల ఆనవాళ్లు ఎక్కువైనకొద్దీ బిడ్డలో ఆ దూరం తక్కువగా ఉంది, ఆ కొన్నింటిలో మన మహామంత్రి ఆనవాలు కూడా ఉంది. పదేళ్ల తరువాత, 2015లో, అదే పరిశోధకురాలు ఎక్కువమంది నవజాత శిశువులతో మళ్లీ చూసినప్పుడు నింద డీఈహెచ్‌పీ మీద నిలిచింది, మహామంత్రి మీద నిలవలేదు. దర్బారులో ఎంత ఐకమత్యం! అపరాధం ఒకరి మీద నిలవబోతే మరొకరు వచ్చి భుజాన వేసుకుంటారు, విచారణాధికారి మాత్రం మళ్లీ మొదటి నుంచి పిల్లల్ని కొలుచుకోవాలి. ఉమ్మనీటిలో థాలేట్ల ఆనవాళ్లు దొరికాయని 2004లోనే అచ్చయింది కనుక, తమరు బిడ్డను పలకరించడానికి పురుడు దాకా ఆగలేదన్నది స్పష్టమే. మేనమామ బంగారు మొలతాడు పట్టుకుని రావడానికి నెలలు పడుతుంది. తమరు అంతకు చాలా ముందే లోపల ఉన్నారు.

బిడ్డల మీద ఆ వాత్సల్యం పుట్టుకతో తీరిపోలేదు. కాలిఫోర్నియాలో సాలినాస్ లోయ ఉంది, పాలకూర, స్ట్రాబెర్రీ పొలాల్లో మెక్సికో నుంచి వచ్చిన కూలీలు పనిచేసే నేల. బర్కిలీ విశ్వవిద్యాలయం వారు అక్కడి గర్భిణుల మూత్రం 1999-2000 సంవత్సరాల్లో తీసి దాచి, పుట్టిన పిల్లలు ఎదుగుతుంటే చూస్తూ వచ్చారు. 338 మంది పిల్లల కథ 2018లో అచ్చయింది. తల్లి ఒంట్లో మోనోఇథైల్ థాలేట్ రెట్టింపైన కొద్దీ ఆడపిల్లల్లో యౌవనపు మొదటి రోమాలు 1.3 నెలలు ముందుగా వచ్చాయి. రెట్టింపుకు నెలా పదిరోజులంటే ఎంత అని తమ ఆస్థాన న్యాయవాదులు అడుగుతారు. ఒక ఇంటి తల్లికీ పక్కింటి తల్లికీ మధ్య ఆ రసాయనం పది రెట్లో ఇరవై రెట్లో తేడా ఉండవచ్చన్న సంగతి వారు మర్యాద కోసం ఎత్తరు. పిల్లలు ఎప్పుడెప్పుడు పెద్దవాళ్లవుతారా అని తల్లిదండ్రులు ఎదురుచూసే బాధ తమరు చూడలేకపోయారు. ఎనిమిదేళ్ల పిల్ల స్నానాల గదిలోంచి ఏడుస్తూ వచ్చి, అమ్మ చెంగు పట్టుకుని, ఇదేమిటని అడిగే దృశ్యం ఈ మధ్య మన ఇళ్లలోనూ చూస్తున్నాం. దానికి కారణాలు చాలా ఉన్నాయి: తిండి, బరువు, ఇంకా తెలియనివి. ఆ గుంపులో తమ వాటా ఎంతో ఎవరూ తేల్చి చెప్పలేరు. ఎవరూ తేల్చలేని వాటా తీసుకోవడంలోనే దొరతనం ఉంది.

అదే సాలినాస్‌లో జరిగిన మరో ముచ్చట తమ సౌశీల్యానికి మకుటం. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల్ని వంద మందిని అడిగారు: మూడు రోజుల పాటు మీరు వాడే షాంపూలు, లోషన్లు, సెంట్లు, మేకప్ పక్కన పెట్టి, థాలేట్లూ పారబెన్లూ ట్రైక్లోసాన్ లేవని లేబుల్ మీద రాసిన సరుకు వాడతారా అని. వాడారు. మూడో రోజు తరువాత మూత్రం చూస్తే మోనోఇథైల్ థాలేట్ 27 శాతం పడిపోయింది. తమ తోటి సామంతులు మిథైల్, ప్రొపైల్ పారబెన్లు 44, 45 శాతం పడిపోయాయి. 2016లో ఇది అచ్చయింది. ఇంత సులువుగా లేచి వెళ్లిపోయే అతిథి లోకంలో ఎక్కడైనా ఉంటాడా! సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి కూర్చుంటుంది, డీడీటీ తరాల తరబడి కూర్చుంటుంది. తమ మహామంత్రి మాత్రం డబ్బా మూత బిగిస్తే చాలు, మూడు రోజుల్లో మూట సర్దుకుంటారు. మరి ఇంత బిడియం గల వారు మా ఇళ్లలో శాశ్వతంగా ఎలా ఉన్నారంటే, ఆ మూడు రోజులు మాకెప్పుడూ దొరకకుండా టీవీలోనూ ఫోనులోనూ తమరు తీసుకుంటున్న శ్రద్ధ వల్లనే. చెమట వాసన వస్తే స్నేహితులు దూరమవుతారని, తల వాసన వస్తే మొగుడు మొహం తిప్పుకుంటాడని, ఇంట్లో వంట వాసన వస్తే వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటారని, మనిషికి మనిషి వాసన ఉండడమే అపరాధమని మాకు విద్యాబుద్ధులు నేర్పిన గురువులు తమరు. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టి, చేతుల్లో నురుగు తీసి, కళ్లు మండి ఏడ్చిన బాల్యం నుంచి మమ్మల్ని విముక్తుల్ని చేశారు. సున్నిపిండి వాసన ఎలా ఉంటుందో చెప్పమంటే మా పిల్లలు ఇప్పుడు ఒక డబ్బా పేరు చెబుతారు.

భక్తిమార్గంలో తమ అధికారం ఇంకా ఉజ్జ్వలం. అగరుబత్తి తయారయ్యే చోట చూడాలి. బొగ్గుపొడి, జిగురుకు జిగట్ పొడి కలిపిన ముద్దను వెదురు పుల్లలకు చుట్టి ఆరబెట్టిన నల్ల బత్తీలకు ఏ వాసనా ఉండదు. ఆడవాళ్లు వాటిని కట్టలు కట్టి, కింది అంచు సమంగా నేల మీద కొట్టి, పళ్లెంలో ఉన్న ద్రవంలో ముంచి, ఒక్క విదిలింపు విదిలించి ఆరబెడతారు. ఆ పళ్లెంలో సెంటు కాస్త, దాన్ని పలచన చేసిన డీఈపీ ఎక్కువ. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు, రోజుకు ఎన్ని కట్టలైతే అంత కూలి. మునివేళ్లు ఎప్పుడూ తడిగా, మెరుస్తూ ఉంటాయి. గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా తమ సన్నిధిలో భేదం లేదు, సమదృష్టి. అక్కడి నుంచి బత్తి మా పూజగదికి వచ్చి, మొగలి, మల్లె, చందనం అన్న పేర్లతో వెలిగి, తలుపులు మూసిన అపార్టుమెంటు గదిలో తాతగారి ఊపిరితిత్తుల్లోకీ మనవడి ఊపిరితిత్తుల్లోకీ సమానంగా ప్రసాదమవుతుంది. మొగలిపొద ఎక్కడా లేదు, మల్లెతోట ఎక్కడా లేదు, చందనం చెట్టు అంతకన్నా లేదు. పువ్వును తుంచకుండా దేవుడికి పువ్వు వాసన అర్పించే అహింసావ్రతం తమది.

కనౌజు వారిని కూడా తమరు ఉద్ధరించారు. డేగు అనే రాగి బానలో గులాబీ రేకులు, మల్లెలు, తొలకరి మట్టి పెంకులు సైతం వేసి, పేడ మంట మీద కాచి, ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోని చందన తైలంలోకి దింపి, తరతరాలుగా అత్తరు తీసిన ఊరు అది. చందనం ధర ఆకాశాన్ని అంటగానే చాలా బట్టీల్లో ఆ తైలం స్థానంలో లిక్విడ్ పారఫిన్, డీఈపీ కూర్చున్నాయి. గులాబీ అసలైనదే, దాన్ని ఒడిలో పెట్టుకున్నది మాత్రం తమ మంత్రి. చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీలో సీసా మూత తీసి ముంజేతికి రాసి, సహజ సిద్ధం సాబ్ అంటూ దుకాణదారు వాసన చూపిస్తే, ఏది ఎంత సహజమో ఆయనకైనా తెలుస్తుందని నేను అనుకోను. ప్రత్యర్థి ఇంట్లోకి వెళ్లి, ప్రత్యర్థి వేషం కట్టి, ప్రత్యర్థి ధరకే అమ్ముడుపోవడం దిగ్విజయంలో ఆఖరి ఘట్టం.

చట్టాలు తమ పట్ల చూపే భక్తి గురించి ఎంత చెప్పినా తక్కువే. మన దేశంలో 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ఉంది, 2020లో కాస్మెటిక్స్ నియమాలు కొత్తగా రాశారు. ఒంటికి రాసుకునేవి, పోసుకునేవి, చల్లుకునేవి వాటి కిందికి వస్తాయి. అగరుబత్తి ఒంటికి రాసుకోరు కదా. నేల తుడిచే ఫినాయిలు, బట్టల పౌడరు, కారు సెంటు, రూమ్ ఫ్రెష్‌నరు పోసుకోరు కదా. పీలుస్తారంతే. పీల్చేది ఒంట్లోకి పోదని ఆ నిర్వచనం అభిప్రాయం కాబోలు. యూరప్ వారు కొంచెం మొండివాళ్లు. దద్దుర్లు తెచ్చే 26 పరిమళాల పేర్లు డబ్బా మీద రాయాల్సిందేనని పట్టుబట్టి, 2023లో ఆ జాబితాను ఎనభై దాటించారు. అది దద్దుర్ల పద్దు. హార్మోన్ల పద్దు ఇంకా వేరే దస్త్రంలో ఉంది. లిలియాల్ అనే సుకుమారి విషయంలో మరీ కఠినులయ్యారు. లిల్లీ పువ్వు వాసనతో దశాబ్దాల పాటు షాంపూల్లో, క్రీముల్లో, సెంట్లలో సేవ చేసిన ఆమెను, సంతానశక్తికి హాని చేస్తుందన్న వర్గంలో చేర్చి, 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించారు. ఫిబ్రవరి ఆఖరు రాత్రి దాకా నిరపాయం, తెల్లవారి అపాయం. అన్నేళ్లూ ఆమెను ఒంటికి పూసుకున్న స్త్రీలకు ఎవరూ ఉత్తరం రాయలేదు; పాత స్నేహాలను గుర్తుచేసి నొప్పించడం తమ సంప్రదాయం కాదు. బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియొనాల్ అనే పేరు అలమరలో పాత డబ్బా మీద కనబడితే, అది ఆమె అసలు పేరని మా ఇల్లాళ్లకు చెప్పేవాళ్లూ లేరు.

ఇక తమ ఆస్థాన విద్వాంసులు. సంబంధం వేరు, కారణం వేరు అని వారు చెప్పే సూత్రం అక్షరాలా నిజం. ఒక్కొక్క రసాయనాన్ని విడదీసి, ఒక్కొక్క మోతాదులో, ఒక్కొక్క బిడ్డ మీద, పుట్టకముందు నుంచి ముసలితనం దాకా కొలిచి చూస్తే తప్ప నేరం రుజువు కాదు. అలా కొలవాలంటే ముందు పేర్లు తెలియాలి. పేర్లు రహస్యం. పేర్లు చెప్పరు కాబట్టి కొలవలేరు, కొలవలేరు కాబట్టి రుజువు లేదు, రుజువు లేదు కాబట్టి పేర్లు చెప్పనక్కర లేదు. నన్నడిగితే తర్కశాస్త్రంలో ఇంత చక్కని చక్రవ్యూహం పన్నినవాడు లేడు. ద్రోణాచార్యుల వ్యూహంలోకి అభిమన్యుడైనా ఒకడు లోపలికి వెళ్లగలిగాడు.

తమ కరుణ సోకని చోటు లేదని చెప్పడానికి ఇంకొక్కటి చాలు. 2022లో ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ మన బజార్లో అమ్మే పది రకాల శానిటరీ ప్యాడ్లు పరీక్షిస్తే పదింటిలోనూ థాలేట్లు కనబడ్డాయి. అవి ప్లాస్టిక్ పొర నుంచి వచ్చాయా, పరిమళం నుంచి వచ్చాయా అన్నది అడ్డ ప్రశ్న. ఒంట్లో చర్మం అతి పలచనైన చోట, నెలకు నాలుగైదు రోజులు, గంటల తరబడి, నెత్తుటి తడిలో, ముప్పై ఐదు నలభై ఏళ్ల పాటు ఆ చెలిమి సాగుతుంది. అక్కడ కూడా మల్లె వాసన రావాలని తమకు తోచింది. ఆ వయసు పిల్లకు తన ఒళ్లంటే తనకే ఏవగింపు కలగాలి, ఆ ఏవగింపుకు మందు తమ దగ్గరే దొరకాలి. ఈ రెంటినీ ఒకే ప్యాకెట్టులో పెట్టి అమ్మిన బుద్ధికి చేతులెత్తి మొక్కుతున్నాను.

తమ సామ్రాజ్యంలో అసంతృప్తులు లేకపోలేదు, ప్రభూ. కొందరు తల్లులు డబ్బా తిప్పి చదవడం మొదలుపెట్టారు. పిల్లకు పౌడరు మానేశారు. బట్టలు ఉతికాక కంఫర్టు వేయకుండా ఎండలో ఆరేస్తున్నారు, కిటికీలు తెరుస్తున్నారు, బత్తి బదులు దీపంతో సరిపెడుతున్నారు. మరీ తెగించినవాళ్లు దుకాణంలో నిలబడి, వాసన లేని సబ్బు ఉందా అని గట్టిగా అడుగుతున్నారు. కలవరపడకండి. వారికోసం తమరు ముందే సిద్ధం చేసి ఉంచిన సరుకు ఉంది. డబ్బా మీద అన్‌సెంటెడ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మూత తీస్తే నిజంగానే ఏ వాసనా రాదు. లోపలి ముడిసరుకుల అసలు కంపు పైకి తేలకుండా అణచడానికి వేరే పరిమళాలు కొన్ని కలుపుతారు, వాటినీ పర్ఫ్యూమ్ అనే ఆ ఒక్క మాటలోనే సర్దవచ్చు. ఆ తల్లి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, రెండుసార్లు పీల్చి, తృప్తిగా సంచీలో వేసుకుని, డబ్బు కట్టి ఇంటికి వెళుతోంది. ఇంట్లో నీళ్లు కాగుతున్నాయి, పసిబిడ్డ స్నానానికి సిద్ధంగా ఉంది. బహుపరాక్, మహాప్రభో, బహుపరాక్.